అచ్చులో గాజు: ఎక్కేటప్పుడు మట్టి మాట, దిగేటప్పుడు గాజు మాట

సంక్షిప్తంగా: గాజు రవ్వను కాల్చిన మట్టి అచ్చులో నింపి, చిన్న విద్యుత్ బట్టీలో పెట్టి ఆకులు, తూనీగలు, లాకెట్లు పోయడం చూడడానికి తేలికైన పనిలా కనిపిస్తుంది. బట్టీ మూత తీశాక బయటపడే పగుళ్లు, ముళ్లు, మబ్బుతనం మాత్రం చాలావరకు ముందే ఖాయమై ఉంటాయి. తూకం, పూత, చల్లార్చే వేగం వాటిని నిర్ణయిస్తాయి. వీటన్నిటికీ అడుగున ఒకే కారణం కనిపిస్తుంది. గాజు, మట్టి ఒకే లెక్కన ముడుచుకోవు. రెండు రకాల గాజులు కూడా ఒకే లెక్కన ముడుచుకోవు.

పోత అంటారు గానీ, పోసేది ఏమీ లేదు

పెళ్లిళ్లకు పంచదార చిలకలు చేసేవారు రెండు చెక్క పలకల అచ్చును కలిపి బిగించి, ముదిరిన పాకాన్ని లోపలికి పోస్తారు. పాకం ద్రవం కాబట్టి చిలక ముక్కు దాకా దానంతట అదే పారుతుంది. మట్టి అచ్చులో గాజు పోత పైకి అలాంటిదే అనిపిస్తుంది కానీ ఇక్కడ వేడి ద్రవాన్ని పోయడమే ఉండదు. చల్లని గాజు రవ్వను చల్లని అచ్చులో చెంచాతో నింపుతారు. రెండూ కలిసి బట్టీలోకి వెళతాయి, కలిసి వేడెక్కుతాయి, కలిసి చల్లారతాయి. ఈ పనిలో వచ్చే చిక్కులన్నీ ఆ 'కలిసి' అన్న మాట దగ్గరే పుడతాయి.

గాజుకు మంచుగడ్డలా ఒక కచ్చితమైన ద్రవీభవన స్థానం లేదు. వేడి పెరిగే కొద్దీ అది మెల్లగా మెత్తబడుతుంది. ఈ పనికి వాడే కళాత్మక గాజు సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు గట్టిగానే ఉంటుంది. 650 నుంచి 700 మధ్య రవ్వ గింజల పదునైన అంచులు గుండ్రబడి, గింజకు గింజ అతుక్కుంటుంది. 770 నుంచి 800 మధ్య కుప్ప కూలి, అచ్చు అడుగున ఉన్న గీతల్లోకి దిగుతుంది. అప్పటికీ అది నీళ్లలా పారదు; తేనె కంటే వేల రెట్లు చిక్కగా ఉంటుంది. అందుకే ఉష్ణోగ్రత ఎంతో, ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు ఉంచారన్నదీ అంతే ముఖ్యం. 780 దగ్గర పావుగంట నిలిపితే ఆకు ఈనెలు తేరిపోవచ్చు. అదే 780ని తాకి వెంటనే వెనక్కి వస్తే పైభాగం ఇంకా గరుకుగానే మిగలవచ్చు.

తూకం తప్పితే ఏం జరుగుతుంది

గోరుముద్దంత లోతున్న ఒక ఆకు అచ్చును దగ్గరగా చూద్దాం. అంచు వరకు 20 మిల్లీలీటర్లు పడుతుందనుకుందాం. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు. కాబట్టి ఆ అచ్చు నిండాలంటే 50 గ్రాముల గాజు కావాలి. కానీ రవ్వ గింజల మధ్య గాలి ఉంటుంది. శేరు బియ్యం గిన్నెలో పోసినప్పుడు గింజల మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ఇక్కడా దాదాపు అంతే. అచ్చు అంచు వరకు సమంగా నింపితే లోపల పట్టేది 30 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన 20 గ్రాములు అంచు పైకి చిన్న గుట్టగా నిలవాలి. అందుకే అనుభవం ఉన్నవారు అచ్చును కంటితో నింపరు, తూకం వేసి నింపుతారు. తయారీదారులు కూడా ఒక్కో అచ్చుకు ఎన్ని గ్రాములు పడతాయో చెప్పి అమ్ముతారు.

గాజు తక్కువైతే ఒక రకం నష్టం. మెత్తబడిన గాజును తలతన్యత లోపలికి లాగుతుంది. చదునైన పలక మీద స్వేచ్ఛగా వదిలిన గాజు పూర్తిగా కరిగే వేడిలో సుమారు 6 మిల్లీమీటర్ల మందం దగ్గర స్థిరపడుతుంది. అంతకంటే పలచగా ఉంటే దగ్గరికి ముడుచుకుంటుంది, మందంగా ఉంటే పరుచుకుంటుంది. తూనీగ అచ్చులో రెక్క మూడు మిల్లీమీటర్లే ఉండి, పొట్టభాగం లోతుగా ఉంటే, చాలీచాలని గాజు రెక్క కొసను వదిలి పొట్ట వైపు జరుగుతుంది. బయటికి వచ్చేది రెక్కలు కురచైన తూనీగ.

ఎక్కువైతే నష్టం ఇంకా పెద్దది. అంచు దాటి పొర్లిన గాజు అచ్చు పైఅంచును కౌగిలించుకుని గట్టిపడుతుంది. చల్లారేటప్పుడు ఆ పొర్లిన భాగం ముడుచుకోవడానికి దారి ఉండదు. అప్పుడు గాజైనా పగలాలి, అచ్చైనా పగలాలి.

పిండి, రవ్వ, నూక

గాజు గింజ సైజును బట్టి ఫలితం మారుతుంది. మైదాలాంటి పిండి వాడితే గింజల మధ్య లెక్కలేనన్ని అతిచిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి. చిక్కటి గాజులో అవి పైకి తేలి పోలేవు. వస్తువు పాలపొరలా మబ్బుగా వస్తుంది. పెద్ద నూకలు వాడితే బుడగలు తక్కువ, ఉన్నవి పెద్దవి. గాజు ఎక్కువ పారదర్శకంగా కనిపిస్తుంది. మబ్బుతనం అన్నిసార్లూ లోపం కాదు. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో శిల్పి ఆంరీ క్రో పునరుద్ధరించిన 'పాత్ ద వేర్', అంటే గాజు ముద్ద పద్ధతి, ఈ పాలమెరుపునే అందంగా మార్చుకుంది. ఆయన తర్వాత అల్మారిక్ వాల్టర్, గాబ్రియేల్ ఆర్జీ-రూసో లాంటి కళాకారులు అదే దారిలో రంగు గాజు పిండితో పాత్రలు, పతకాలు పోశారు.

మరో రకం మబ్బు ఉంది, దానిని ఎవరూ కోరుకోరు. సుమారు 700 నుంచి 760 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నిలిచిన గాజు పైపొరలో స్ఫటికాలు మొలుస్తాయి. పాకం కదిలిపోతే పలుకులు కట్టినట్టే ఇదీ. పంచదార చిలక తెల్లగా, గట్టిగా నిలవడానికి పలుకు కట్టడమే కావాలి. గాజులో అదే పని మెరుపును చంపేసి, పైన గరుకైన తెల్లపొర మిగులుస్తుంది. పిండికి ఉపరితల విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఈ ముప్పు దానికే ఎక్కువ. చేతివేళ్ల జిడ్డు, దుమ్ము కూడా స్ఫటికాలకు బీజాలవుతాయి. అందుకే గాజును కడిగి ఆరబెట్టడం, ఆ 60 డిగ్రీల మేరను త్వరగా దాటించడం ఆనవాయితీ.

గాజు గింజలు చేసేటప్పుడు ఇనుప దంచుడుతో వచ్చే ఇనుప రజను గురించి కూడా చెప్పుకోవాలి. అయస్కాంతంతో తీసేయకపోతే అది గాజులో గోధుమరంగు చుక్కలుగా మిగులుతుంది. పిండి తూచేటప్పుడు, అచ్చు పూతను గీకేటప్పుడు ముక్కుకు ధూళిని అడ్డే మాస్కు ఉండాలి. ఇది ఐచ్ఛికం కాదు.

వెంట్రుకంత తేడా

అసలు విషయం ఇక్కడుంది. ఈ పనికి వాడే ఒక ప్రధాన రకం గాజు వ్యాకోచ గుణకాన్ని '90' అంటారు. ఒక్క డిగ్రీ వేడి తగ్గితే పొడవులో కోటి వంతుల్లో 90, అంటే పది లక్షల వంతుల్లో 9 వంతులు కురచ అవుతుందని దాని అర్థం. మట్టి అచ్చుకు అది పది లక్షల్లో రమారమి 5 వంతులు అనుకోవచ్చు. మట్టిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. తేడా నాలుగు వంతులు. గాజు గట్టిపడ్డాక గది వేడికి దిగేది సుమారు 500 డిగ్రీలు. అంటే 5 సెంటీమీటర్ల ఆకు, తన అచ్చు కంటే 0.1 మిల్లీమీటరు ఎక్కువగా ముడుచుకుంటుంది. ఒక వెంట్రుక మందం.

ఆ వెంట్రుకే మొత్తం పద్ధతిని నడిపిస్తుంది. గుంట అచ్చులో ఉన్న గాజు చుట్టూ ఉన్న గోడల నుంచి లోపలికి జరుగుతుంది కాబట్టి, అచ్చును బోర్లించి తడితే ఆకు అరచేతిలోకి ఊడిపడుతుంది. కానీ అచ్చు మధ్యలో ఒక దిమ్మె పైకి లేచి ఉంటే, ఉదాహరణకు తాడు దూర్చే రంధ్రం కోసం పెట్టిన చిన్న స్తంభం ఉంటే, కథ తిరగబడుతుంది. గాజు ఆ స్తంభం మీదికి బిగుసుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి కమ్మీ తొడిగేటప్పుడు కాలిన ఇనుప పట్టా చల్లారుతూ కర్రను ఎలా బిగిస్తుందో అలాగే. స్తంభం పైకి పోయే కొద్దీ సన్నబడేలా ఏటవాలు ఉంటే గాజు పైకి జారి తప్పించుకుంటుంది. నిలువుగా ఉంటే ఏదో ఒకటి విరుగుతుంది. అచ్చు గోడల్లో లోపలికి మళ్లిన మలుపులు ఉండకూడదనడానికి కూడా ఇదే కారణం.

మరి గాజును బయటి నుంచి వాల్చి వంచాలంటే? అప్పుడు మట్టి పనికిరాదు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. స్టీలు గాజు కంటే దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది కాబట్టి లోపల ఉన్న స్టీలు గిన్నె తానే చిన్నదై గాజును వదిలేస్తుంది. గాజు లోపల ఉంటే మట్టి, గాజు బయట ఉంటే స్టీలు. అచ్చుల దుకాణంలో అడిగే ప్రశ్నల్లో సగానికి ఈ ఒక్క వాక్యమే జవాబు.

అంచుల్లో సూదుల్లాంటి ముళ్లు రావడమూ ఈ సంకోచం పనే. అచ్చు గోడ గరుకుకు అతుక్కున్న గాజు ఇంకా మెత్తగా ఉండగానే వస్తువు లోపలికి జరిగితే, అతుక్కున్న చోట సన్నని కొసలు సాగి గట్టిపడతాయి. నింపేటప్పుడు గోడలకు అంటిన పిండిని మెత్తటి కుంచెతో లోపలికి తుడిస్తే ముళ్లు చాలావరకు తగ్గుతాయి. వచ్చిన ముళ్లను వజ్రపు పొడి అద్దిన రాపిడి పలకతో, నీళ్లలో తడుపుతూ అరగదీయాలి. అవి చర్మాన్ని కోసేంత పదునుగా ఉంటాయి.

పూత: మూడు వేల రెండు వందల ఏళ్ల ఉపాయం

పూత లేని మట్టికి వేడి గాజు అంటుకుంటే మళ్లీ విడదీయడం సాధ్యం కాదు. రెండూ సిలికేట్లే, వేడిలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ సంగతి పాతది. ఈజిప్టు నైలు డెల్టాలోని కంతీర్ దగ్గర, రామ్సెస్ రాజధాని శిథిలాల్లో, క్రీస్తుపూర్వం 13వ శతాబ్దపు మట్టి మూసలు దొరికాయి. గాజు దిమ్మెలు తయారు చేసిన ఆ మూసల లోపలి గోడలకు సున్నం ఎక్కువగా ఉన్న పూత కనిపించింది. గాజు మట్టికి అంటకుండా చేసిన ఏర్పాటు అది. అదే కాలానికి కాస్త ముందు టర్కీ తీరంలో మునిగిన ఉలుబురున్ ఓడలో దాదాపు 175 గాజు దిమ్మెలు బయటపడ్డాయి. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన నీలం వాటి ప్రధాన రంగులు. దిమ్మెలను కొని, మళ్లీ మెత్తబరచి, రాతి అచ్చుల్లో నగల పూసలు చేసుకున్న మైసీనియన్ పనివారు గ్రీసులో ఉండేవారు. వస్తువులు మారాయి కానీ గాజుకూ అచ్చుకూ మధ్య ఒక పొర ఉండాలన్న తెలివి మారలేదు.

ఇప్పుడు రెండు రకాల పూతలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అల్యూమినా, చీనా మట్టి కలిపి నీళ్లలో కలిపే పూత. అల్యూమినా ఆ వేడికి కరగదు, చీనా మట్టి దానిని అచ్చుకు పట్టి ఉంచుతుంది. నాలుగైదు పల్చటి పొరలు వేసి ఆరబెట్టాలి. ఒకసారి పూర్తి వేడికి కాలాక చీనా మట్టి స్వభావం మారుతుంది, రెండోసారి అదే పూత గాజుకు అంటుకునే ప్రమాదముంది. గీకి మళ్లీ వేయడమే దారి. ఇబ్బందేమిటంటే, పొరలు మందమైతే ఆకు ఈనెలు పూడిపోతాయి.

రెండోది బోరాన్ నైట్రైడ్ స్ప్రే. దాని అణువులు గ్రాఫైటులా పొరలుపొరలుగా అమరి ఉంటాయి, వేడి గాజు దానికి అంటుకోదు. పొర చాలా పల్చన కాబట్టి సన్నని గీతలు కూడా నిలుస్తాయి. ఖరీదు ఎక్కువ, ప్రతి కాల్పుకూ ముందు మళ్లీ చల్లాలి. ఒకసారి బోరాన్ నైట్రైడ్ పట్టిన అచ్చు మీద నీటి పూత సరిగా నిలవదు కాబట్టి, కొత్త అచ్చుకు మొదటిరోజే ఏ పూత అన్నది తేల్చుకోవడం మంచిది.

ఎక్కే వేగం, దిగే వేగం

పెద్ద గాజు పలకను బట్టీలో త్వరగా వేడి చేస్తే పగులుతుంది. రవ్వకు ఆ భయం లేదు. గింజ చిన్నది, లోపలా బయటా ఒకేసారి వేడెక్కుతుంది. అయినా ఎక్కేటప్పుడు గంటకు 150 డిగ్రీల వంటి నిదానమైన వేగమే పెడతారు. అది గాజు కోసం కాదు, అచ్చు కోసం. తక్కువ వేడికి కాల్చిన మట్టి సందుసందుల్లో తేమను పట్టి ఉంచుతుంది. కడిగిన అచ్చును ఆరకముందే పెడితే లోపలి ఆవిరి దానిని చీలుస్తుంది. మట్టిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. అచ్చులో ఒక చోట 573 దాటి మరోచోట దాటకపోతే మధ్యలో పగులు పుడుతుంది. వందల కాల్పులు తట్టుకోవలసిన అచ్చు నాలుగింటికే చీలిందంటే, ముందుగా అనుమానించవలసింది ఈ రెండింటినే.

దిగేటప్పుడు పెత్తనం గాజుది. కరిగిన వేడి నుంచి సుమారు 500 డిగ్రీల వరకు త్వరగా దిగవచ్చు. అప్పటికి గాజు ఇంకా సర్దుకోగలదు. అక్కడ ఆగాలి. లోపలా బయటా ఒకే వేడికి వచ్చే వరకు నిలిపి, ఆ తర్వాత నిదానంగా దించడాన్ని మంద శీతలీకరణ అంటారు. బట్టీ వాడేవారి నోట అది 'అనీలింగ్'. ఆగకుండా దిగితే పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం తర్వాత ముడుచుకుంటూ పైపొరను లాగుతుంది. ఆ లాగుడు గాజులో శాశ్వతంగా ఉండిపోతుంది. అలాంటి లాకెట్టు వారం తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే, అలమరలో రెండు ముక్కలు కావచ్చు.

ఎంత నిదానం? మందం రెట్టింపైతే నిలిపే సమయం రెట్టింపవుతుంది, దించే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న బుల్స్‌ఐ సంస్థ తన గాజుకు ప్రచురించిన పట్టికలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల మందానికి 482 డిగ్రీల దగ్గర 2 గంటలు నిలిపి, గంటకు 55 డిగ్రీల చొప్పున దించమంటుంది. 25 మిల్లీమీటర్లకు 4 గంటలు నిలిపి, గంటకు 15 డిగ్రీలే. అచ్చు పోతలో ఇంకో మెలిక ఉంది. వస్తువు పైభాగం గాలికి తెరుచుకుని ఉంటుంది, అడుగు భాగాన్ని మట్టి దుప్పటిలా కప్పి ఉంచుతుంది. పైగా తూనీగ పొట్ట మందం, రెక్క పలచన. కాబట్టి అత్యంత మందమైన భాగం కంటే కూడా మందమైన వస్తువు అనుకుని సమయం లెక్కించడమే క్షేమం.

ఇవే సూత్రాలు ఎంత పెద్ద స్థాయికి పనిచేస్తాయో చూపే ఉదాహరణ ఒకటి ఉంది. పాలోమార్ టెలిస్కోపు కోసం 200 అంగుళాల అద్దపు దిమ్మెను న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌లో 1934 మార్చిలో పోశారు. వెనుకవైపు బరువు తగ్గించే గుంటల కోసం అచ్చులో మట్టి దిమ్మెలను ఉక్కు కడ్డీలతో బిగించారు. వేడికి కడ్డీలు లొంగిపోయి, కొన్ని దిమ్మెలు కరిగిన గాజు పైకి తేలాయి. అదే ఏడాది డిసెంబరు 2న రెండోసారి పోసి, దాదాపు 10 నెలలు చల్లార్చారు. చాలా తక్కువగా ముడుచుకునే బోరోసిలికేట్ గాజుకే అన్ని నెలలు పట్టింది. అరచేతిలో ఇమిడే ఆకుకు ఒక రాత్రి చాలు. కానీ ఆ రాత్రిని తగ్గించే దారి లేదు.

సంఖ్య ఒకటైనా గాజు ఒకటి కాదు

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది డబ్బాల మీది 90, 96 సంఖ్యలు. రెండూ ఒకే వస్తువులో కలపకూడదు. తేడా 6 మాత్రమే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే, 480 నుంచి 20 డిగ్రీలకు దిగేసరికి రెండింటి సంకోచంలో తేడా పది లక్షల్లో సుమారు 276 వంతులు. గాజు దృఢత్వాన్ని 70 గిగాపాస్కళ్లుగా తీసుకుంటే, అది గరిష్ఠంగా 19 మెగాపాస్కళ్ల లాగుడుకు సమానం. గాజు మీద దీర్ఘకాలం 7 మెగాపాస్కళ్లు దాటకూడదన్నది సాధారణ జాగ్రత్త. ఒత్తిడి రెండు గాజుల మధ్య పంచుకున్నా ఆ హద్దు దాటుతుంది.

ఇంకో సంగతి తక్కువగా ప్రచారంలో ఉంది. ఒకే సంఖ్య ఉన్న రెండు గాజులు కూడా పొసగకపోవచ్చు. ఆ సంఖ్యను 300 డిగ్రీల లోపు కొలుస్తారు. గాజు గట్టిపడే అసలు ఘట్టం దానికి పైన, 500 చుట్టూ జరుగుతుంది. అక్కడ రెండింటి స్నిగ్ధత, అంటే చిక్కదనం, వేరైతే ఒకటి ముందు గట్టిపడి రెండోదాన్ని లాగుతుంది. కాబట్టి నమ్మదగినది సంఖ్య కాదు, ఒకే తయారీదారు పరీక్షించి ఇచ్చిన శ్రేణి. రంగుల రసాయనం కూడా గమనించాలి. రాగి ఉన్న నీలం రవ్వ, గంధకమో సెలీనియమో ఉన్న పసుపు రవ్వ పక్కపక్కన కరిగితే, తగిలిన చోట గోధుమరంగు గీత వస్తుంది. అది మురికి కాదు, రసాయన చర్య.

ఈ శ్రేణులు కొద్దిమంది తయారీదారుల చేతుల్లో ఉండడం వల్ల సరఫరా ఎంత సున్నితమో 2016లో తెలిసింది. ఆ ఏడాది పోర్ట్‌లాండ్‌లో అటవీ శాఖ పరిశోధకులు చెట్ల నాచులో కాడ్మియం, ఆర్సెనిక్ జాడలు గుర్తించిన సంగతి బయటపడ్డాక, రంగు గాజు కొలుముల మీద కొత్త నిబంధనలు వచ్చాయి. చాలా పసుపు, ఎరుపు రంగులకు కాడ్మియమే ఆధారం. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పెక్ట్రమ్ సంస్థ ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని '96' శ్రేణి తర్వాత ఓషన్‌సైడ్ సంస్థకు మారింది.

దిగుమతి రవ్వ ఖరీదు చూసి స్థానికంగా దొరికే సీసాలు, విరిగిన గాజులతో ప్రయత్నించాలనిపించడం సహజం. తెలుగులో చేతికి వేసుకునేదీ, కిటికీకి బిగించేదీ ఒకే మాట అయినా, బట్టీలో అవి ఒకటి కావు. రంగురంగుల గాజు ముక్కలు కలిపి కరిగిస్తే ఏది దేనితో పొసగుతుందో చెప్పలేం. అయితే ఒకే సీసాను పగలగొట్టి, ఆ సీసా రవ్వతోనే ఒక అచ్చు నింపితే పని జరుగుతుంది. తేడా ఏమిటంటే సీసా గాజుకు కాస్త ఎక్కువ వేడి కావాలి, దానిని నిలిపే ఉష్ణోగ్రత దాదాపు 550 డిగ్రీలు, స్ఫటికాలు కట్టే గుణమూ ఎక్కువే.

తెలుగు నేలకు గాజు పని కొత్త కాదు. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో పూసలు చేసే పాత పద్ధతిలో అచ్చు అన్నదే లేదు. వేడి గాజు ముద్దలో పొడవాటి గొట్టం దూర్చి, ముద్దను సన్నని బోలు తీగగా లాగి, తీగను ముక్కలుగా కోస్తారు. అక్కడ ఆకారం ఇచ్చేది పనివాడి చేతి వేగం. గోడ లేదు కాబట్టి గోడతో తగవూ లేదు. అయినా పూస చిన్నది, సన్నది కనుక త్వరగా చల్లారినా నిలుస్తుంది.

చీలుతుందో లేదో ముందే చూడడం

పోసిన ఆకు లోపల లాగుడు మిగిలిందో లేదో కంటికి కనపడదు. దానిని చూపే ఉపాయం చవకైనది. ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పోనిచ్చే ధ్రువణ ఫిల్మ్ ముక్కలు రెండింటిని ఒకదానిపై ఒకటి ఉంచి, వెలుతురు పూర్తిగా ఆగిపోయేదాకా ఒకదాన్ని తిప్పాలి. వెనుక దీపం పెట్టి, ఆ రెండింటి మధ్య పారదర్శకమైన గాజు ఆకును ఉంచాలి. సరిగా చల్లారిన ఆకు అంతా చీకటిగానే ఉంటుంది. కాడ మొదలు దగ్గర గానీ, రెండు రంగులు కలిసిన అంచున గానీ తెల్లటి వెలుగు వలయం కనిపిస్తే, అక్కడ లాగుడు ఉన్నట్టే. వలయం ఆకు అంతటా పరుచుకుని ఉంటే తప్పు చల్లార్చడంలో ఉంది. అదే అచ్చులో మళ్లీ పెట్టి, వేడిని నిలిపే ఉష్ణోగ్రతకు కొంచెం పైకి తీసుకెళ్లి, నిదానంగా దించితే పోతుంది. రెండు రంగుల సరిహద్దు వెంబడి మాత్రమే మెరిస్తే ఆ గాజులు ఒకదానికొకటి పొసగనివి. ఎన్నిసార్లు బట్టీలో పెట్టినా ఆ వలయం పోదు.